పదిమంది మోసే ధర్మం

ఒక కర్తవ్యాన్ని పదిమంది కలిసి తలకెత్తుకుంటే ఒక్కొక్కరి వంతుకు వచ్చేది పదో భాగమేనా? మిత్రదేశాల ఉమ్మడి సత్వర సేనల చరిత్ర చూస్తే ఈ ప్రశ్న తప్పదు. 2003లో కాంగోలోని బునియాలో ఊచకోతలు సాగుతుంటే, ఫ్రాన్స్ నాయకత్వంలో యూరోపియన్ యూనియన్ సేన కొద్ది వారాల్లోనే అక్కడ దిగింది. ఆ అనుభవంతోనే సుమారు 1500 మంది చొప్పున బ్యాటిల్ గ్రూపులను తీర్చిదిద్దారు. 2007 నుంచి అవి ఆరేసి నెలల వంతులతో పూర్తి సన్నద్ధంగా ఉంటూ వచ్చాయి. 2008 చివర తూర్పు కాంగో మళ్లీ రగిలింది. అదనపు శాంతిసేన చేరేదాకా ఆదుకోమని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ యూరప్‌ను అడిగారు. దళం కదలలేదు. కదలాలంటే సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాలి, ఖర్చులో ఎక్కువ భాగం సైన్యం పంపిన దేశమే భరించాలి. వెళ్లనందుకు మాత్రం ఏ ఒక్క దేశమూ జవాబు చెప్పనక్కర్లేదు.

ద్రౌపది ప్రశ్నకు కురుసభ నోరు మెదపనప్పుడు విదురుడు ఈ లెక్కే తేల్చాడు. అధర్మాన్ని ఖండించని సభలో సగం పాపం సభాపెద్దది, పావు చేసినవాడిది, మిగిలిన పావు మౌనంగా కూర్చున్నవారిది. చేసినవాడికన్నా ఆపగలిగిన పెద్దకే ఎక్కువ వాటా పడటం గమనించాలి. బలం ఉన్నచోటే బాధ్యత బరువెక్కుతుంది, పక్కన ఇంకెందరున్నా అది తగ్గదు. కాపాడతామని మాట ఇచ్చి సేనను సిద్ధం చేసుకున్నవారికి ఈ తీర్పు మరింత గట్టిగా వర్తిస్తుంది.

తన సైనికుణ్ణి చావుకు ఎదురు పంపే నిర్ణయం ఆ దేశ పార్లమెంటుదే కదా అనవచ్చు. నిజమే, ఆ ప్రాణం కూటమి సొత్తు కాదు. అయితే ఆ సమ్మతి అడగాల్సింది వంతు ఒప్పుకునే రోజున. ఊళ్లు తగలబడుతున్నప్పుడు మొదలుపెట్టే చర్చ, ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోవడంతో సమానం. పరాయి సైన్యం మేలుకన్నా కీడే చేస్తుందన్న భయం ఇంతకన్నా బలమైనది. 2011లో విదేశీ సైనిక జోక్యం చూసిన లిబియా అందుకు సాక్ష్యం. అందుకే వెళ్లకపోవడం కొన్నిసార్లు ధర్మమే కావచ్చు. కానీ అప్పుడు ఏ దేశం, ఏ కారణంతో వద్దందో లోకానికి తెలియాలి. పేరు లేని నిరాకరణను సంయమనమని ఒప్పుకోలేం.

2022లో యూరోపియన్ యూనియన్ 5000 మంది దాకా ఉండే కొత్త సత్వర దళాన్ని తలపెట్టింది. దాన్ని పంపాలన్నా ఏకాభిప్రాయం కావాల్సిందే.