వేన్నీళ్ళ స్నానం చేస్తే పుణ్యం తగ్గుతుందా?



ఈ వారం వీడియోలో బదరీనాథ్ తప్తకుండం గురించి చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక అందులో పక్కన పెట్టేసిన ప్రశ్న ఒకటి ఉంది. చూడ్డానికి చిన్నదే. కానీ చాలా ఇళ్ళల్లో యాత్ర అనుకోగానే మాటా మాటా వచ్చేది దాని దగ్గరే. దేవుడి దగ్గరికి కష్టపడి వెళ్తేనే పుణ్యమా? సుఖంగా వెళ్ళొస్తే ఆ పుణ్యంలో కోత పడుతుందా?

మాది కోనసీమలో ముక్తేశ్వరం. గౌతమీ గోదావరికి ఇవతల మేము, అవతల కోటిపల్లి, మధ్యలో పంటు. కార్తీకమాసం వస్తే తెల్లవారకముందే రేవులో స్నానాలు మొదలవుతాయి. మా మామ్మ లెక్కలో కార్తీకస్నానం అంటే చన్నీళ్ళే, అదీ ఆకాశంలో చుక్కలుండగానే. వేన్నీళ్ళు పోసుకుంటే "అది ఒళ్ళు కడుక్కోవడంరా, స్నానం కాదు" అనేది. చలికి వణికితేనే అది దేవుడి ఖాతాలో పడుతుందని ఆవిడ గట్టి నమ్మకం.

బదరీనాథ్ దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. సముద్రమట్టానికి సుమారు 3,100 మీటర్ల ఎత్తు. మే నెలలో కూడా రాత్రిళ్ళు ఎముకలు కొరికే చలి. మంచు కరిగిన నీళ్ళతో అలకనంద హోరెత్తిపోతూ ఉంటుంది. ఆ నదికీ గుడికీ మధ్య, గుడి మెట్ల కింద, పొగలు కక్కుతూ తప్తకుండం. అక్కడి ఆనవాయితీ ప్రకారం ముందు ఆ వేన్నీళ్ళలో స్నానం చేసి, తర్వాత మెట్లెక్కి దర్శనానికి వెళ్ళాలి. చల్లటి నది పక్కనే ఉంది. అయినా దేవుడు తన ముంగిట్లో మనకోసం ఉంచింది వేన్నీళ్ళే. ఇది ఎందుకో ఆలోచించాలి కదా.

వేడి ఎక్కడిది?

ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి ముందు ఈ సంగతి చెప్పేస్తాను. భూమిలోకి దిగేకొద్దీ వేడి పెరుగుతుంది, మామూలుగా కిలోమీటరుకి 25 నుంచి 30 డిగ్రీల చొప్పున. వాన నీరు, మంచు కరిగిన నీరు పగుళ్ళలోంచి లోపలికి ఇంకి, అక్కడ కాగి, మళ్ళీ పగుళ్ళ దారినే పైకి వస్తుంది. భారత ఫలకం వెళ్ళి ఆసియాని ఢీకొట్టడం వల్ల లేచినవే హిమాలయాలు. ఆ ఒత్తిడికి రాళ్ళు లోతుగా పగిలి ఉంటాయి. అందుకే ఆ కొండల వెంబడి ఇన్ని ఉష్ణకుండాలు. యమునోత్రిలో సూర్యకుండం ఉంది. బియ్యం, బంగాళాదుంపలు గుడ్డలో మూటకట్టి అందులో ముంచితే ఉడికిపోతాయి, అదే ప్రసాదం. అంత ఎత్తులో నీళ్ళు దాదాపు 90 డిగ్రీలకే మరుగుతాయి కూడా. హిమాచల్‌లో మణికరణ్ ఉంది. మన వైపు చూస్తే భద్రాచలానికి దగ్గర్లో గుండాల ఉంది. గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీరు ఊరుతుంది. బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులు చలికాలంలో అక్కడ స్నానం చేశారని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. త్రిమూర్తులకి కూడా చలేస్తుందని, వాళ్ళూ వేన్నీళ్ళు వెతుక్కున్నారని అనుకోవడంలో ఎంత చనువుందో చూడండి.

కారణం తెలిస్తే మహిమ పోతుందా అంటే, నాకైతే పోలేదు. ఎప్పుడో ఎక్కడో కురిసిన వాన భూమి కడుపులోకి దిగి, కాగి, సరిగ్గా గుడి మెట్ల కింద పైకి వచ్చింది. అది తెలిశాక ఇంకో దణ్ణం ఎక్కువే పెట్టాలనిపిస్తుంది.

తపస్సు, తప్తం ఒకే మాట

కష్టమే పుణ్యం అనే వాదనకి బలం తపస్సు దగ్గరుంది. ఋషులు ఎండలో, మంచులో, తిండి లేకుండా తపస్సు చేశారు కదా, మనం గీజర్ నీళ్ళు లేనిదే కదలకపోతే ఎలా అంటారు. కాదనలేని మాటే. కానీ తపస్సు, తాపం, తప్తం అన్నీ 'తప్' అనే ఒకే ధాతువు నుంచి పుట్టినవి. దానికి అర్థం కాగడం, వేడెక్కడం. ఆ వేడి చివరికి ఎవరికి పనికొచ్చింది అన్నదే నా ప్రశ్న.

తప్తకుండం అగ్నిదేవుడి నివాసం అంటారు. మహాభారతం ఆదిపర్వంలో భృగు మహర్షి కోపంతో అగ్నిని సర్వభక్షకుడివి కమ్మని శపిస్తాడు. అగ్ని చేసిందల్లా, ఒక రాక్షసుడు అడిగితే ఉన్న నిజం చెప్పడమే. అన్నీ తినేవాడు కాబట్టి పాపం అంటుతుందని అగ్ని బాధపడి, బదరికాశ్రమం వచ్చి నారాయణుణ్ణి వేడుకున్నాడని, స్వామి అనుగ్రహంతో అక్కడే కుండంలో ఉండిపోయాడని బదరీ క్షేత్రకథ. దేన్ని తాకినా బూడిద చేసేవాడు ఇక్కడ మాత్రం చలికి వణికే ముసలివాళ్ళ కీళ్ళు కాపడానికి కూర్చున్నాడు. అగ్ని తన వేడిని వదిలేసుకోలేదు, ఇంకొకరికి పనికొచ్చేలా మార్చుకున్నాడు. నాకు అర్థమైనంతవరకు తపస్సు ఫలించడం అంటే ఇదే.

ఇంకో కథ మీకు తెలిసే ఉంటుంది. అసలు బదరి అంటేనే రేగుచెట్టు. నారాయణుడు అక్కడ తపస్సు చేస్తుంటే లక్ష్మీదేవి రేగుచెట్టై ఆయనకి నీడ పట్టిందంటారు. తపస్సులో సుఖం ఉండకూడదు అనుకుంటే స్వామి ఆ చెట్టుని పక్కకి జరగమనాలి. అనలేదు. సరికదా, క్షేత్రానికి ఆ చెట్టు పేరే మిగిలింది. లోకమంతా తలుచుకుంటున్నది ఆయన పడ్డ కష్టాన్ని కాదు, ఆవిడ ఇచ్చిన నీడని.

గీతలో కృష్ణుడు ఇంకా సూటిగా చెప్తాడు. 17వ అధ్యాయం 5, 6 శ్లోకాలు చూడండి. శాస్త్రంలో లేని ఘోరమైన తపస్సులు చేసి, పట్టుదలకీ ప్రదర్శనకీ ఒంటిని హింసించేవాళ్ళు ఆ ఒంట్లో ఉన్న తనని కూడా హింసిస్తున్నారని అంటాడు. 6వ అధ్యాయంలో అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, అసలు పడుకోనివాడికీ యోగం కుదరదని చెప్తాడు. కష్టాన్ని కిలోల్లెక్కన తూచి పుణ్యం ఇచ్చే కొట్టు ఆయన దగ్గర ఉన్నట్టు ఎక్కడా కనబడదు.

మా ఊరి దేవుడి పేరు క్షణ ముక్తేశ్వరుడు. క్షణంలో ముక్తినిచ్చేవాడు అని. ఎన్ని గంటలు నడిచావు, ఎంత వణికావు అని లెక్క చూసేవాడైతే ఆయనకి ఆ పేరు ఎలా వస్తుంది?

ఈ నమ్మకం వల్ల జరిగే నష్టం

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కష్టమే పుణ్యం అన్న మాట వల్ల యాత్రే మానేసినవాళ్ళు మన ఇళ్ళల్లో ఉన్నారు. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. చార్‌ధామ్ వెళ్ళాలని ఎన్నాళ్ళనుంచో కోరిక. బదరీకి గుడి దగ్గరదాకా రోడ్డు ఉంది. కేదార్‌కి మాత్రం గౌరీకుండ్ నుంచి కొండదారిలో 16 కిలోమీటర్ల పైనే. యమునోత్రికి కూడా జానకీచట్టి నుంచి ఎక్కాలి. చుట్టాల్లో ఒకావిడ నవ్వుతూనే అంది, "గుర్రమెక్కి వెళ్తే పుణ్యం గుర్రానికే పోతుందొదినా" అని. అమ్మ కూడా నవ్వింది. తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

గీత 17వ అధ్యాయంలోనే మాటతో చేసే తపస్సు గురించి ఉంది. ఎదుటివాళ్ళని నొప్పించకుండా, నిజమైనదీ, ప్రియమైనదీ, మేలు చేసేదీ మాట్లాడటం కూడా తపస్సే. పదహారు కిలోమీటర్లు నడవగలిగి, ఒకావిడ భక్తిని ఒక్క మాటతో ఆపేస్తే అందులో తపస్సు ఎంత మిగిలినట్టు? నడవగలిగినవాళ్ళు నడవండి. చెప్పుల్లేకుండా ఎక్కేవాళ్ళకి చేతులెత్తి మొక్కుతాను. నడక మనసుని నెమ్మదింపజేస్తుంది, అహాన్ని అరగదీస్తుంది. కానీ అదే నడక పక్కవాణ్ణి చూసి "నువ్వు నడవలేదుగా" అనిపిస్తే, అరగాల్సిన అహానికి కొత్త చెప్పులు తొడిగినట్టే.

మరి రిసార్ట్‌కీ తీర్థానికీ తేడా ఏంటి?

ఇక్కడ మీరు నన్ను నిలదీయొచ్చు. సుఖంలో తప్పు లేదంటే, తప్తకుండానికీ ఏ హిల్‌స్టేషన్‌లోనో డబ్బు కట్టి మునిగే వేడినీళ్ళ తొట్టెకీ తేడా ఏముంది? మంచి ప్రశ్న. నీళ్ళలో అయితే తేడా లేదు. మనం అందులో ఎలా ఉన్నామన్న దాంట్లో ఉంది.

బౌద్ధుల వినయపిటకంలో ఒక కథ ఉంది. రాజగృహం, అంటే ఇప్పటి బీహార్‌లోని రాజ్‌గిర్ దగ్గర తపోద అనే వేడినీటి తీర్థం. ఒకరోజు బింబిసార మహారాజు తలస్నానానికి వచ్చాడు. అప్పటికే భిక్షువులు నీళ్ళలో ఉన్నారు. వాళ్ళని లేవమనడం మర్యాద కాదని రాజు ఆగాడు. వాళ్ళు చీకటిపడేదాకా స్నానం చేస్తూనే ఉన్నారు. ఆయన స్నానం ముగించుకుని వెళ్ళేసరికి కోట తలుపులు మూసేశారు. పాపం, రాజు రాత్రంతా ఊరి బయటే ఉండాల్సివచ్చింది. సంగతి తెలిసి బుద్ధుడు భిక్షువులని మందలించి, పదిహేను రోజులలోపు రెండోసారి స్నానం చేయొద్దని నియమం పెట్టాడు. తర్వాత ఎండాకాలానికి, జబ్బుపడినవాళ్ళకి, పనిచేసేవాళ్ళకి, ప్రయాణంలో ఉన్నవాళ్ళకి సడలింపులు కూడా ఇచ్చాడు.

నాకు ఇందులో నచ్చింది ఏంటంటే, వేన్నీళ్ళు తప్పని బుద్ధుడు అనలేదు. ఒడ్డున ఒకాయన ఎదురుచూస్తున్నాడన్న ధ్యాస లేకపోవడాన్ని తప్పుబట్టాడు. పైగా అవసరమున్న ఒంటికి మినహాయింపు కూడా ఇచ్చాడు. అయ్యవార్లు, సన్యాసులు, టెకీలు ఎవరైనా సరే, వేన్నీళ్ళలో కూర్చుంటే లేవబుద్ధి కాదు. తప్తకుండం దగ్గర మే, జూన్ రద్దీలో ఒడ్డున చలికి వణుకుతూ నిలబడ్డవాళ్ళే మన బింబిసారులు. మూడు మునకలేసి లేచి చోటిస్తే ఆ స్నానం తీర్థస్నానం అవుతుంది. ఫోన్ పట్టుకుని నీళ్ళలోనే రీల్ తీసుకుంటూ కూర్చుంటే అవే నీళ్ళు తొట్టెనీళ్ళు అయిపోతాయి.

ఇంకొకటి, కుండం మెట్ల కింద ఉంది, గుడి మెట్ల పైన ఉంది. సుఖం అక్కడే ఆగిపోవడానికి ఇచ్చింది కాదు, పైకి ఎక్కడానికి ఇచ్చింది. గట్టిగా మాట్లాడితే వారాంతం సెలవులు, మంచి జీతం, ఏసీ గది కూడా అంతే. వాటిలోంచి లేచి మనం ఎటు నడుస్తున్నాం అన్నదే విషయం.

మన సుఖం బరువు ఎవరి వీపు మీద?

ఇక గుర్రం సంగతి. పుణ్యం గుర్రానికి పోతుందన్న మాట హాస్యానికే అన్నా, అందులో గుర్రం ఉందని గుర్తుచేసింది. 2022 యాత్రలో కేదార్ దారిలో గుర్రాలు, కంచరగాడిదలు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. విషయం ఉత్తరాఖండ్ హైకోర్టు దాకా వెళ్ళింది. విశ్రాంతి లేకుండా, బరువు ఎక్కువేసి తిప్పడం అక్కడి పెద్ద సమస్య. నా సుఖం పాపం కాదు. కానీ దాని కష్టం మొత్తం ఇంకో ప్రాణి వీపు మీదకి తోసేసి, "స్వామి దయ" అనుకుంటే అది పాపమే. వయసులో ఉండి, ఒంట్లో శక్తి ఉండి, కేవలం బద్ధకంతో గుర్రమెక్కేవాడికీ, మోకాళ్ళు అరిగిన అమ్మకీ ఒకటే లెక్క కాదు. ఎక్కినప్పుడు కూడా కుంటుతున్నదాన్ని, పుండ్లున్నదాన్ని వద్దనొచ్చు. దారిలో దానికి నీళ్ళు పట్టించమని ఆగొచ్చు. డోలీ మోసేవాళ్ళ దగ్గర వంద రూపాయల కోసం బేరమాడి, హుండీలో ఐదొందలు వేయకుండా ఉండొచ్చు.

కొండ కూడా మోస్తోంది మనల్ని. 2013 జూన్ వరదల్లో గౌరీకుండ్‌లోని వేడినీటి కుండం ధ్వంసమైంది. ఎప్పటికీ అక్కడే ఉంటాయనుకున్న నీళ్ళు ఒక్క రాత్రిలో కనబడకుండా పోగలవు. సబ్బు, షాంపూ ప్యాకెట్లు తీర్థంలోకి తీసుకెళ్ళకపోవడం చాలా చిన్న పని. అది కూడా తపస్సే అనుకుందాం.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. తప్తకుండంలో ఒకేసారి దిగకండి, చేత్తో చూసుకుని మెల్లగా దిగండి. అంత ఎత్తులో వేడినీళ్ళలో ఎక్కువసేపుంటే బీపీ పడిపోయి, లేచేటప్పుడు కళ్ళు తిరగొచ్చు. గుండెజబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగి వెళ్ళండి. దిగలేనివాళ్ళు చెంబుతో పోసుకోండి. అదీ కుదరకపోతే నాలుగు చుక్కలు నెత్తిన జల్లుకోండి. అగ్నిదేవుడు లీటర్లు లెక్కపెట్టడు.

మీ ఇంట్లో "నాకు ఓపిక లేదులే, నాకు పుణ్యం రాసిపెట్టి లేదు" అనేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ వారం వాళ్ళ పక్కన కాసేపు కూర్చోండి. దేవుడే వేన్నీళ్ళు పెట్టుకుని ఎదురుచూస్తున్న ఊరు ఒకటుందని చెప్పండి. టికెట్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ మాట చెప్పండి.

ఓం నమో నారాయణాయ.