సూదిబెజ్జం ఎవరికి?

ఐశ్వర్యవంతుడు పరలోకంలోకి పోవడం ఎంత కష్టమో మా మాదిగ గూడెంలో చెప్పినన్ని సార్లు ఊళ్లో ఎవరూ చెప్పి ఉండరు. మా గూడెంలో అరవై కొంపలు. సొంత చెక్క ఉన్నవాళ్లు ముగ్గురో నలుగురో. తక్కినవాళ్లంతా పాలేర్లు, కూలోళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు. ఏడాదిలో రెండు మూడు ఆదివారాలైనా ఒంటె కథ వచ్చేది. ఆ ఒంటెను వెతుక్కుంటా నేను చుట్టూ చూసేవాణ్ణి. చాపల మీద కూర్చున్న వాళ్లలో ఒంటె అనదగ్గవాడు ఒక్కడూ కనపడేవాడు కాదు. బెజ్జమంటే మాత్రం అందరికీ తెలుసు. ఆరెతో తోలుకు బెజ్జాలు పెట్టీ పెట్టీ కాయలు కాసిన చేతులవి. ఒంటెలు ఊళ్లో ఉండేవి. నేనెరిగిన కాలంలో వాటికి ఈ ప్రసంగం చెప్పడానికి ఎవరూ పోలేదు.

ఇప్పుడు దీనికి ఎదురు ప్రసంగం వచ్చింది. టౌన్లలో, టీవీ ఛానెళ్లలో, పెద్ద పెద్ద మైదానాల్లో వినపడతా ఉంది. దేవుడు నిన్ను ధనవంతుణ్ణి చెయ్యాలనుకుంటున్నాడు, కానుక విత్తనం లాంటిది, వేస్తే నూరంతలు వస్తుంది, రాలేదంటే నీ విశ్వాసంలోనే లోపం ఉంది అంటారు. నిన్నటిదాకా పేదరికం పుణ్యం. ఇవాళ పేదరికం అవిశ్వాసం. రెండు మాటలూ పడ్డది మన నెత్తినే.

క్రైస్తవుడికి సొంత ఆస్తి ఉండొచ్చా, వాక్యం దీని గురించి ఏమంటుంది అనే ప్రశ్న మీద నా కంటబడ్డ రాతలన్నీ ఉన్నవాడి వైపు నుంచి మొదలవుతాయి. ఉన్నదాంట్లో ఎంత ఉంచుకోవాలి, ఎంత ఇవ్వాలి అని. లేనివాడి వైపు నుంచి అడిగితే ప్రశ్నే మారిపోతుంది. ఇది ఎవరి కష్టం? ఎవరి గాదెలోకి పోయింది? బైబిలు కూడా ముందు ఈ ప్రశ్నే అడుగుతుందని నా వాదన.

మార్కు సువార్త 10వ అధ్యాయం తీసుకుందాం. చాలా ఆస్తి ఉన్నవాడొకడు వచ్చి నిత్యజీవానికి దారేమిటని అడిగాడు. ఉన్నది అమ్మి బీదలకిచ్చి నా వెంట రమ్మన్నాడు యేసు. వాడు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. ఒంటె మాట అక్కడిదే. మన ప్రసంగాలు ఇక్కడ ఆగిపోతాయి. అధ్యాయం మాత్రం ఆగలేదు. చివర్లో యెరికో దారి పక్కన అడుక్కునే గుడ్డివాడు బర్తిమయి కేకలేస్తాడు. నోరు మూసుకోమని జనం గద్దిస్తారు. యేసు వాణ్ణి పిలిపించి, నీకేం కావాలి, నేనేం చెయ్యాలి అని అడుగుతాడు. ఒకే అధ్యాయం, ఇద్దరు మనుషులు. ఉన్నవాణ్ణి వదులుకోమన్నాడు. లేనివాణ్ణి ఏం కావాలని అడిగాడు. మా గూడేనికి రావాల్సింది ఈ రెండో మాట. మాకు వచ్చింది మొదటిది. ఒకసారి గుడి నుంచి ఇంటికొచ్చి మా అమ్మ అంది: "వదులుకో వదులుకో అంటాడు అయ్యగారు. ఏందిరా అబ్బయ్యా వదులుకునేది, ఈ సత్తుగిన్నెనా?"

బీదలు ధన్యులన్న మాటకూ ఇదే గతి పట్టింది. మత్తయి 5వ అధ్యాయంలో అది ఆత్మ విషయంలో బీదలైనవాళ్ల గురించి. లూకా 6వ అధ్యాయంలో ఆ 'ఆత్మ' లేదు. అక్కడ బీదలంటే బీదలే, ఆకలంటే కడుపులో ఆకలే. నాలుగు వచనాలు దాటేసరికి ధనవంతులకు శ్రమ అని కూడా ఉంది. మాకు ఎప్పుడూ మత్తయే చదివేవాళ్లు. లూకా చదివితే ఎవరికి కోపమొస్తుందో చదివేవాళ్లకు తెలుసు.

మనవాళ్లు డబ్బు కోసం, పాలపొడి కోసం, గోధుమరవ్వ కోసం మతం మారారని ఎగతాళి చేసేవాళ్లున్నారు. వాళ్లకు ఒంగోలు చరిత్ర చెప్పాలి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. ఆయన దగ్గరికి ముందుగా వచ్చినవాళ్లు మాదిగలు. వాళ్లకు పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మూడూ మతం షరతుల్లాగే కనపడతాయి. కానీ మొదటిదాన్ని పాలేరు వైపు నుంచి చూడండి. వెట్టివాడు వారంలో ఒకరోజు కామందు పిలిస్తే రాను అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఊళ్లల్లో గొడవలయ్యాయి. బావి నీళ్లు ఆపారు, పనుల్లోంచి తీసేశారు. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో విశ్రాంతి దినానికి చెప్పిన కారణం కూడా ఇదే. నువ్వు ఐగుప్తులో బానిసవి, అందుకని నీ దాసుడూ దాసీ నీలాగే విశ్రమించాలని. మా తాతముత్తాతలకు దక్కిన మొదటి ఆస్తి ఎకరం కాదు, ఆదివారం.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని పెట్టి కూలి ఇప్పించాడు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం జరిగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ సాయం ఆగాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూటి కోసమే అయితే కూడు ఆగిపోయాక ఎందుకొచ్చినట్టు? అయినా ఒక మాట. కూటి కోసం వస్తే మాత్రం తప్పేముంది? అయిదువేల మందికి రొట్టెలు పంచినప్పుడు యేసు ఎవరి విశ్వాసమూ కొలిచి చూడలేదు.

అసలు సంగతికి వస్తాను. డబ్బు గురించి బైబిలు కోపంగా మాట్లాడే చోట్లన్నీ వరసపెట్టి చదివితే, చాలా చోట్ల కనపడేది కూలి. కూలివాడి కూలి పొద్దుగూకక ముందే ఇచ్చెయ్యాలని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం. వాడు పేదవాడు, దాని మీదే ప్రాణం పెట్టుకుని ఉంటాడని కారణం కూడా చెప్పింది. పొరుగువాడి చేత ఊరికే చాకిరీ చేయించుకుని మేడ కట్టుకునేవాడికి శ్రమ అని యిర్మీయా 22వ అధ్యాయం. పొలం కోసినవాళ్ల కూలి ఎగ్గొడితే ఆ కూలే కేకలు పెడుతుందని, కోసినవాళ్ల ఏడుపు దేవుడి చెవిన పడిందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం. ఆమోసు ప్రవక్త ఇంకా దగ్గరికొస్తాడు. బీదవాణ్ణి చెప్పుల జోడు వెలకు అమ్మేశారని 2వ అధ్యాయంలో తిడతాడు. ఇచ్చే కొలతను చిన్నది చేశారని 8వ అధ్యాయంలో తిడతాడు. మా తాత ఆసామికి ఏడాదంతా చెప్పులు కుట్టి, మోటకు తోలు తొండం కుట్టి, కల్లంలో మేర కోసం నిలబడేవాడు. ఆసామి ఇంట్లో కుంచాలు రెండు. అప్పు వసూలు చేసుకునేది ఒకటి, మేర కొలిచేది ఒకటి. మా తాతకు చదువు రాదు. ఆమోసును ఆయనకు చదివి వినిపించిన పాస్టరు లేడు. వినుంటే, ఈ మనిషి మన పక్కవూరోడా అని అడిగేవాడు.

లూకా 12వ అధ్యాయంలో ఒక ధనవంతుడి పొలం బాగా పండింది. ఉన్న కొట్లు పీకి పెద్దవి కట్టిస్తాను, తిని తాగి సుఖపడతాను అని తనలో తనే అనుకుంటాడు. ఆ నాలుగు మాటల్లో అంతా 'నేను', 'నా' తప్ప ఇంకోటి లేదు. ఆ పంట కోసింది ఎవరు? మోసింది ఎవరు? వాడి నోటెంట ఆ పేరు రాదు. దేవుడు వాణ్ణి వెర్రివాడా అన్నది అందుకేనని నేననుకుంటాను.

అట్లాగని ఆస్తి ఉండటమే పాపమని బైబిలు అనలేదు. అబ్రాహాముకు మందలున్నాయి. యోబుకు పోయింది రెండింతలై వచ్చింది. పేదరికమూ వద్దు, ఐశ్వర్యమూ వద్దు, సరిపడా తిండి పెట్టమని సామెతలు 30వ అధ్యాయంలో ఒక ప్రార్థన ఉంది. అక్కడ చెప్పిన భయం కూడా రెండు వైపులా ఉంది: ఎక్కువైతే దేవుణ్ణి మరుస్తాను, తక్కువైతే దొంగతనం చేస్తాను. లేవీయకాండం 25వ అధ్యాయంలో 50 ఏళ్లకోసారి అమ్ముడుపోయిన భూమి తిరిగి మొదటి కుటుంబానికి రావాలి. భూమి నాది, మీరు కౌలుదార్ల లాంటివాళ్లు అని దేవుడి మాటల భావం. బీదలు ఎప్పుడూ మీతోనే ఉంటారన్న యేసు మాటను అడ్డం పెట్టుకునేవాళ్లకు ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం చూపించండి. బీదలు ఉంటూనే ఉంటారు కాబట్టి చెయ్యి చాపి ఇవ్వు అని అక్కడుంది. చేతులు ముడుచుకోమని లేదు.

ఇక క్రీస్తు కోసం వదులుకోవడం గురించి. ఈ దేశంలో ఆ పని నిజంగా చేసిందెవరు? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కాని దళితుడు షెడ్యూల్డు కులంవాడు కాదంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన తెలుగు రాష్ట్రాల్లో వాళ్లకు మిగిలింది బి.సి. 'సి' గ్రూపులో 1 శాతం. మా ఇంట్లోనే ఉంది ఈ కథ. బళ్లో వేసేటప్పుడు పంతులు అడిగితే మా నాయన ఉన్న మాట చెప్పాడు, నా పేరుకెదురుగా క్రైస్తవుడని రాశారు. మా తమ్ముడికి ఇంకో పంతులు ఏమీ అడగకుండా హిందూ మాదిగ అని రాసుకున్నాడు. ఒక కడుపున పుట్టినోళ్లం, కాగితంలో నేను బి.సి., వాడు ఎస్సీ. వాడికి ఇరవై నాలుగేళ్లకే ఉద్యోగం. నాకు ముప్ఫై మూడు. ఊళ్లో మాత్రం ఇద్దరికీ ఒకటే గ్లాసు, హోటలు బయట వేలాడేది.

మా తమ్ముణ్ణి సంఘ పెద్దలు అననీయతో పోల్చారు. అపొస్తలుల కార్యాలు 5వ అధ్యాయంలో పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని, అంతా ఇచ్చానని అబద్ధమాడి చచ్చిపోయినవాడు అననీయ. ఈ పోలిక అన్యాయం. అననీయకు పొలం ఉంది. అది అమ్మకముందు నీదే కదా, అమ్మాక డబ్బు కూడా నీ చేతిలోనే ఉంది కదా అని పేతురే అన్నాడు. మా తమ్ముడు దాచుకున్నది తన పొలం కాదు, పుట్టుకతో వచ్చిన అవమానానికి రాజ్యం కట్టిన పరిహారం. దేవుడా, రొట్టా తేల్చుకో అని ఒక మనిషిని నిలబెట్టిన చట్టాన్ని వదిలేసి ఆ మనిషిని తిట్టడం ఏం భక్తి? ఆస్తిపరుడైన యువకుడు ముఖం తిప్పుకుపోయిన చోట లక్షలమంది మాలలు, మాదిగలు నిలబడి రెండు తరాల ఉద్యోగాలు వదులుకున్నారు. వాళ్ల త్యాగం మీద ఒక్క ప్రసంగం నేను వినలేదు.

దశమభాగం గురించి కూడా మాట్లాడుకోవాలి. మా నాయనమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం కుండలో వేసి, ఆదివారం గుడికి తీసుకుపోయేది. దాన్ని నేను ఎగతాళి చెయ్యను. జీతమివ్వలేని సంఘాలు పాస్టర్లను బతికించుకుంది ఆ పిడికిళ్లతోనే. కానీ మలాకీ 3వ అధ్యాయం 10వ వచనం చూపించి పదోవంతు తెమ్మనేవాళ్లు, అదే అధ్యాయం 5వ వచనం ఎందుకు చదవరు? కూలివాడి కూలి దగ్గర అన్యాయం చేసేవాళ్ల మీద, విధవరాళ్లనూ తండ్రిలేని పిల్లలనూ బాధపెట్టేవాళ్ల మీద సాక్ష్యం చెప్పడానికి నేనే వస్తానని దేవుడు అక్కడ అన్నాడు. మూడేళ్లకోసారి ఆ పదోవంతును ఊరి గుమ్మంలోనే పెట్టి పరదేశులూ విధవరాళ్లూ కడుపునిండా తినేటట్టు చూడమని ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయంలో ఉంది. అట్లా పెట్టిన గుడి ఒక్కటి చూపించండి. విధవరాలి రెండు కాసుల కథ కూడా అంతే. మార్కు 12వ అధ్యాయంలో దానికి కాస్త ముందే, విధవరాళ్ల ఇళ్లు మింగే శాస్త్రుల గురించి యేసు హెచ్చరించాడు. ఆ మాట దాటేసి కాసుల దగ్గరికి దూకడంలో ఉంది అసలు మోసం. మిషను దొరలు బళ్లకూ ఆసుపత్రులకూ కొన్న స్థలాల్లో కొన్ని ఇవాళ దుకాణాలైపోయాయి. ఆ లెక్కలు అడిగితే సంఘంలో చీలిక తెస్తున్నావంటారు. మొదటి సంఘంలో ఎవరికి ఎంత అక్కరో చూసి పంచారని అపొస్తలుల కార్యాలు 4వ అధ్యాయం చెబుతుంది. లెక్క చూపించమనడం ఆ సంఘంలో చీలిక కాదు, పద్ధతి.

ఉద్యోగాలొచ్చిన మన సంగతేమిటి? జీతం తీసుకోవడానికి, ఇల్లు కట్టుకోవడానికి, పిల్లల్ని మంచి చదువులు చదివించడానికి మనం సిగ్గుపడాల్సిన పనిలేదు. ఇన్ని తరాలు లేకుండా చేసినవాళ్లే, నాలుగు రూపాయలు చేతికొచ్చాక మనకు వైరాగ్యం చెప్పడం కుదరదు. కానీ లూకా 19వ అధ్యాయంలోని జక్కయ్యను మనం కూడా చూడాలి. సగం బీదలకు ఇస్తానన్నాడు, అది దానం. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాడు, అది దానం కాదు, బాకీ. ఊళ్లో భూములున్న క్రైస్తవులు దానం దగ్గర ఆగిపోతారు, బాకీ దాకా రారు. మనకు గూడెంతో ఉన్నది కూడా జాలి సంబంధం కాదు. మనం హాస్టళ్లలో చదువుకున్నన్నాళ్లు మన చెల్లెళ్లు నాట్లేసి, కలుపు తీసి డబ్బులు పంపారు. ఆ బాకీ ఉంది. ఇవాళ మన ఇంటి అంట్లు తోమే మనిషికి, మన గోడ కట్టే మేస్త్రికి, కూలికి పొద్దుగూకక ముందు డబ్బు చేతిలో పడుతుందా లేదా అన్నది కూడా ఈ లెక్కలోదే.

గుళ్లల్లో యువజన కూడికలు నడిపే విద్యార్థులకూ, కూలి పోరాటాలు చేసే కార్యకర్తలకూ ఒక్క పని చెప్తాను. కార్యకర్తల్లో దేవుణ్ణి నమ్మనివాళ్లు చాలామంది ఉంటారు, నమ్మమని అడగడం లేదు. కానీ గూడెంలో ప్రతి ఇంటా ఉన్న ఒకే ఒక్క పుస్తకంలో కూలి గురించి ఇంత రాసి ఉంటే, దాన్ని ఆసామికి పనికొచ్చేటట్టు చదివేవాళ్లకే వదిలెయ్యడం తెలివైన పని కాదు. ఈసారి ఎవరైనా మలాకీ 3వ అధ్యాయం తెరిస్తే, లేచి నిలబడి, అయిదో వచనం నుంచి చదవండి అయ్యగారూ అని అడగండి.