మన కప్పు మీది నీరు – పొరుగువాని గడప

అల్లాహ్ ఆకాశం నుంచి నీటిని ఒక పరిమాణంలో కురిపించి, దాన్ని భూమిలో నిలిపానని, తీసుకుపోయే శక్తి కూడా తనకుందని దివ్యఖుర్ఆన్‌లో (అల్ మోమినూన్: 18) తెలియజేశాడు. మరి ఆ నీరు నిలవడానికి మనం కాస్తంత నేలనైనా మిగిల్చామా? గేటు నుంచి గోడ దాకా సిమెంటే. కప్పు మీది వాన గొట్టం గుండా సందులోకి, అక్కణ్ణుంచి పక్కింటి గడపలోకి! వేసవిలో బోరు ఎండిందని మొరపెట్టుకునేదీ మనమే.

వర్షం చూడగానే దైవప్రవక్త (సఅసం) అది మేలు చేసే వర్షం కావాలని వేడుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). ఆ దుఆ మనకూ కంఠస్థమే. కాని మన గొట్టం వల్ల అదే వాన పొరుగింటికి కీడు అవుతోందే!

మదీనాలో తోటలకు పారే కాలువ నీటి గురించి హజ్రత్ జుబైర్ (రజి)కూ, ఒక అన్సారీకీ తగవు వచ్చింది. నీ తోట తడుపుకుని తర్వాత పొరుగువానికి నీరు వదలమని దైవప్రవక్త (సఅసం) మొదట జుబైర్‌కు చెప్పారు. అది పొరుగువాడు కోరుకున్న నీరు. దానికే అంత లెక్క ఉంటే, అతను కోరని మురికి నీటిని అతని మీదికి వదిలే మన సంగతేమిటి?

ఇంకుడు గుంతలు మనకు తెలిసినవే. 2002 నాటి వాల్టా చట్టమూ వాననీటిని నిలపమనే చెప్పింది. గుంత వీలుకాకపోతే పల్లపు పూలమడి చాలు. వంద గజాల కప్పు మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 830 లీటర్లు. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, అరడుగు లోతు ఉన్న మడి దాదాపు అంత నీటినీ పట్టుకుంటుంది. పునాదికి పదడుగుల ఎడం ఉండాలి, సెప్టిక్ ట్యాంకుకు దూరంగా ఉండాలి. ముందు అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపి చూడండి. ఒక రోజులో ఇంకితే ఆ చోటు పనికొస్తుంది. ఎర్రనేలలో తేలిక, నల్లరేగడిలో కష్టం. రెండు రోజుల్లో ఇంకిపోయే నీటిలో దోమలు పెరగవు.

వట్టివేరు, మెట్టతామర, నిమ్మగడ్డి నాటవచ్చు. మొదటి ఏడాది కలుపు తీస్తే, తర్వాత పని తక్కువే. వుజూ చేసిన నీటిని కూడా అటే మళ్ళించవచ్చు. వాడిన నీటితో మళ్ళీ వుజూ చెల్లదు గాని, మొక్కకు అభ్యంతరం లేదు. ముస్లిం నాటిన మొక్క నుంచి పక్షి తిన్నా, పశువు తిన్నా అతనికి సదఖా పుణ్యమే (బుఖారీ, ముస్లిం).

అద్దె ఇల్లయితే యజమాని అనుమతి లేకుండా తవ్వరాదు. పొంగిన నీరు పోయే దారిని పక్కింటి గోడ వైపు కాకుండా వీధి కాలువ వైపే పెట్టండి. తవ్వే ముందు ఆ పక్కింటివారిని పిలిచి చోటు చూపించండి, వారు ఏ మతస్థులైనా సరే.