పిల్లల వార్తారచనలకు మార్కులు వేయుటయందలి ధర్మము

ఒక నవలలోని సంఘటనను తీసికొని దానిని వార్తాపత్రికకు పంపు వార్తవలె వ్రాయుమని ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు చెప్పుట మంచి అభ్యాసము. పిల్లలకిది వేడుకగానే యుండును, చిక్కంతయు దిద్దువారిది. లెక్కకు సమాధానమొక్కటే. పద్యమునకు ప్రతిపదార్థము కలదు. కల్పితకథను నిజమైన వార్తవలె వ్రాసిన పిల్లవానియందు మనము పరీక్షింపవలసినది భాషయా, జ్ఞాపకశక్తియా, సత్యనిష్ఠయా?

వేలూరు, గుడియాత్తము ప్రాంతములందు స్థిరపడిన మన కుటుంబముల పిల్లలకు ఈ అభ్యాసము నీయదలచినచో ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లికంటె తగిన నవల నాకు తోచదు. పల్నాటి పుల్లరి ఉద్యమసందర్భమున శిక్షపొంది రాయవెల్లూరు చెరసాలలోనున్న కాలముననే ఆయన దీనిని రచించెను. 1922లో వెలువడిన యీ గ్రంథమునకు ఆంధ్రపత్రికాధిపతి కాశీనాథుని నాగేశ్వరరావుగారు పీఠిక వ్రాసిరి. పిమ్మట చెన్నపురి ప్రభుత్వము దానిని నిషేధించినది. మన యూరి గోడలనడుమ పుట్టిన తెలుగు నవల యిదియని మన పిల్లలలో ఎందరికి తెలియును? పెద్దలలోనే ఎందరికి తెలియును?

పుస్తకమంతయు చదువుట ఆ వయసువారికి కష్టము. కథ చెప్పి, సంగదాసు మరణించు ఘట్టమును మాత్రము చదివి వినిపించి, మరునాటి పత్రికకు వార్త వ్రాయింపవచ్చును. మన పిల్లలు కొందరిచేత అట్లు వ్రాయించిన కాగితములను చదువు పని నాకొకమారు తటస్థించినది. సంగదాసు మాలపల్లెలోని రామదాసు కుమారుడు. కూలివారి పక్షమున నిలిచినవాడు. ఊరి భూస్వామియగు చౌదరయ్య కొట్టిన దెబ్బకు అతడు ప్రాణములు విడుచును. అన్న వెంకటదాసు అటుతరువాత తక్కెళ్ళ జగ్గడను పేర దోపిడికాడగును. ఇంతమాత్రము పిల్లలకు తెలిసిన కథ.

ఒక బాలిక కాగితము ముత్యములవంటి అక్షరములతో నున్నది. ఒక్క తప్పు లేదు. ‘కూలితగాదాలో ఒకరి మృతి’ అని శీర్షిక. చౌదరయ్యగారి పేరు మూడుచోట్ల గౌరవముతో కలదు. చనిపోయినవాని పేరు ఎచ్చటను లేదు, ‘ఒక కూలివాడు’ అని మాత్రమున్నది. ఇంకొక బాలుడు ‘నరరూపరాక్షసుడు చౌదరయ్య’ అని ప్రారంభించి, కాగితమంతయు కోపముతో నింపినాడు. గుడియాత్తమున మగ్గములమీద లుంగీలు నేయు ఇంటి పిల్లవాడొకడు ళకారమునకు లకారము వ్రాసినాడు. తగాదా అనుటకు ‘సండ’ అనియు, జీతమనుటకు ‘సంబళము’ అనియు వ్రాసినాడు. కాని సంగదాసు పేరు, తండ్రి పేరు, చూచినవారెవరు, విన్నవారెవరు అను విషయము విడివిడిగా చెప్పినది వాడొక్కడే. తుదకు, ‘చౌదరయ్య ఇంటికి పోయి అడిగితిని, ఆయన బయటికి రాలేదు’ అని కూడ చేర్చినాడు!

వీరిలో ఎవరికి హెచ్చు మార్కులు?

భాషకే మార్కులనుట మనవారికి సహజము. 2006లో తమిళభాషాభ్యాసచట్టము వచ్చినది మొదలు బడిలో తెలుగు నేర్చుకొను వీలు సన్నగిల్లినకొలది, ఇంట మిగిలిన తెలుగుకు దోషము తగులునేమో యను భయము మనకు హెచ్చినది. ఆ భయమును నేను తక్కువచేసి చెప్పను. అక్షరదోషమును ఎఱ్ఱసిరాతో చూపవలసినదే. ‘సంబళము’ మాత్రము దోషము కాదు. రాయలసీమవారి నోటను వినబడు మాటయే. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. ఉన్నవవారు గుంటూరుసీమ పల్లెజనుల పలుకుబడిని సంకోచింపక నవలకెక్కించిరి. ఆ నవలనే పాఠముగా చెప్పుచు, గుడియాత్తము మగ్గపుటింటి పలుకుబడికి మార్కులు కోయుట ఏ న్యాయము?

కోపముతో వ్రాసిన బాలుని విషయము ఇంతకంటె కఠినమైనది. ఒక మిత్రుడు వానిపక్షమున గట్టిగా వాదించెను. ‘నవల చదివినవానికి నిజము తెలియును. తెలిసియు తెలియనట్లు వ్రాయుమనుట అబద్ధము నేర్పుట కాదా?’ అని ఆయన ప్రశ్న. తోసివేయదగిన ప్రశ్న కాదు. అయినను నవలాకారుడు పాత్రల హృదయములలోనికి మనలను తీసికొనిపోయి, పుటలవెంట పుటలు నడిపించి, ఆ నిశ్చయమునకు చేర్చెను. వార్త చదువువాడు ఆ దారి నడచినవాడు కాడు. రాక్షసుడని విన్నంతనే వానికి విలేకరి కోపము తెలియునేగాని జరిగినది తెలియదు. నేను ముప్పదియేండ్లకు పైగా దస్త్రములు వ్రాసి బ్రతికినవాడను. కంటితో చూచినదానిని, ఒకరు చెప్పినదానిని ఒకే వాక్యమున కలిపినచో పైయధికారికి సత్యమెట్లు మరుగుపడునో బాగుగ నెఱుగుదును. మన వేలూరు కోటలో 1806 జూలై 10న జరిగినదానిని ఆంగ్లేయులు సైనికధిక్కారమనిరి. నేడు మనము స్వాతంత్ర్యసమరమునకు తొలి అడుగందుము. పేరు పెట్టుటలోనే తీర్పు దాగియున్నది. కనుక జాలిని విశేషణములలో గాక, రామదాసు ఇంటికి నడచిపోవుటలో చూపుమని పిల్లవానికి చెప్పవలెను. కోపము వలదని చెప్పరాదు. ఆ ఘట్టమును విని కోపము రాని పిల్లవానిని చూచి నేను దిగులుపడుదును.

ఇక ఒకడు సంగదాసు తల్లి ఏడ్చుచు పలికిన మాటలని నాలుగు పంక్తులు స్వయముగా కల్పించి కొటేషన్లలో పెట్టినాడు. చదివినవారందరికి కన్నీరు వచ్చినది. నాకును వచ్చినది. అయినను దానికి మార్కులు తగ్గింపవలెననియే నా అభిప్రాయము. చౌదరయ్య నేరము నొప్పుకొనెనని కల్పించినయెడల మనము వెంటనే తప్పందుము. తల్లినోట మంచిమాటలు పెట్టినయెడల మెచ్చుకొందుము. నోరులేనివారి నోట మనకు నచ్చిన మాటలు పెట్టుట వారికి ఉపకారమని తోచునుగాని, వారు నిజముగా నేమందురో అడుగు పని దానితో ఆగిపోవును. తల్లి దుఃఖమును నవలలో నున్నంతవరకు తన మాటలలో చెప్పవచ్చును. కొటేషన్లు మాత్రము పెట్టరాదు.

నా లెక్కలో గుడియాత్తము బాలునిదే మొదటి స్థానము. ముత్యములవంటి అక్షరముల బాలికను, చనిపోయినవాని పేరేల వ్రాయలేదమ్మా అని అడిగితిమి. ‘పేపర్లో అట్లే వేస్తారు కదా తాతా, కూలివాడు చనిపోతే పేరు వేయరు’ అనెను. ఇంట చదివిన పత్రికలను చూచి శ్రద్ధగా నేర్చుకొన్న పిల్ల; ఆ మాటకు మాలో నెవరికిని వెంటనే జవాబు తోచలేదు. ఆమె కాగితముమీద ఏ అంకెయు వేయక, పేరు చేర్చి మరల తెమ్మని యిచ్చితిమి. వచ్చువారము తెచ్చినది. శీర్షికలోనే సంగదాసు పేరున్నది.