ఎండిన కుండీలోని గడ్డ

ధ్యానభాగము: యోబు 14:7–9



పురుగులను పట్టి తినెడి మొక్కలున్నవని వినియున్నాము. వాటిలో డ్రాసెరా యొకటి. గ్రీకు భాషలో మంచును తెలుపు మాటనుండి ఈ పేరు వచ్చెను. దాని ఆకుల మీది సన్నని వెండ్రుకల కొనలయందు జిగట బొట్లు మంచువలె మెరయుచుండును. వాటిపై వ్రాలిన దోమ తిరిగి లేవలేదు. సారము లేని నేల ఇయ్యలేని బలమును మొక్క ఆ పురుగులనుండి తీసికొనును. 1875లో చార్లెస్ డార్విన్ ఇట్టి మొక్కలనుగూర్చి ఒక గ్రంథమే వ్రాసెను.

మన తెలంగాణలోను వానలకు తడిసిన ఇసుక నేలలలో ఈ జాతి చిన్న మొక్కలు కనబడును. అవి ఏటేట విత్తనమునుండి మొలిచి ఎండిపోవునవి. నేలలో గడ్డపెట్టు రకములు వేరు. అవి నీలగిరి కొండలలో కలవు. నైరుతి ఆస్ట్రేలియాలో మరి విస్తారము. వానలు కురియు కాలమందు చిగిర్చి పూచును. తడి ఆరిపోగానే పైభాగమంతయు మాడిపోవును. మన కందవలె లోపలి గడ్డ మాత్రము మిగులును. పచ్చగానున్న దినములలోనే మొక్క రాబోవు ఎండకై ఆ గడ్డను సిద్ధపరచుకొనును.

అనేక దేశములలో వీటిని మక్కువతో పెంచువారున్నారు. ఏటా కొన్ని మాసములు వారి యెదుట వట్టి మన్నుగల కుండీ మాత్రమే యుండును. చచ్చినదని పారవేసినవాడు నష్టపోవును. జాలిపడి నీళ్లు కుమ్మరించినవాడు గడ్డను కుళ్లబెట్టును. తెలిసినవాడు పేరు వ్రాసిన చీటీని కుండీనుండి తీసివేయడు. నీడనుంచి, దినము తప్పక చూచుచు కనిపెట్టును. తొలి చిగురు చూచిన ఆనందము వానిదే.

మన నల్లగొండ, పాలమూరు సంఘములలో ఇట్టి కుండీలు లేవా? వాన లేక, పనికై వలసపోయి మందిరము మరచిన సహోదరుడు. బిడ్డను సమాధిచేసిన నాటినుండి ప్రార్థనకు నోరు తెరువని తల్లి. అప్పుల సిగ్గుచేత ఆదివారము తలుపు మూసికొను ఇంటివారు. వారి పేర్లు సంఘపు పుస్తకములోనుండి కొట్టివేయుదమని మనలో కొందరమందుము. మరికొందరము వారి ఇంటికిపోయి గద్దింపులు కుమ్మరింతుము. ఈ రెండును మనము చేసినవే, ఒప్పుకొందము.

నరకబడిన చెట్టు సహితము నీటి జాడ సోకగానే మరల లేచుననియు, మనుష్యునికి అట్టి ఆశ ఏదనియు యోబు అంగలార్చెను. ఖాళీయైన సమాధియే ఆ ప్రశ్నకు మన జవాబు. మట్టిక్రింద దాగినదానిని దేవుడు మరువడు. ఏలీయా చావగోరి బదరీవృక్షము క్రింద పండుకొనినప్పుడు దూత అతని గద్దింపలేదు. రొట్టెయు నీళ్లును పెట్టి, మరల నిద్రపోనిచ్చెను. రెండవమారు లేపినప్పుడే ప్రయాణపు మాట యెత్తెను.

కనిపెట్టుట అనగా విడిచిపెట్టుట కాదు. ఈ మాసములో అట్టి యొక ఇంటికి పోవుదము. ఎందుకు రాలేదని అడుగక, వారితో కూర్చుండి ఒక జొన్నరొట్టె పంచుకొందము. వలసపోయినవాడు పండుగకు ఊరు వచ్చినప్పుడు, వాని పేరు మన ప్రార్థనలో ఇంకను ఉన్నదని తెలియనిత్తము.

ప్రభువా, మేము ఎండియున్న దినములలో నీవు మమ్మును పారవేయలేదు. మా సహోదరుల విషయమై మాకును ఆ ఓర్పు దయచేయుము. ఆమేన్.