గాలి ఎవరి కర్మ?

తుపాను వస్తుందనగానే మన సౌత్ ఈస్టర్న్ రైల్వే చేసే పనుల్లో ఒకటి రైళ్ళను కట్టేయడం. హౌరా పక్కన షాలిమార్ యార్డులో పెట్టెల చక్రాలకు ఇనుప గొలుసులు చుట్టి, పట్టాలకు బిగించి, తాళాలు వేస్తారు. 2020లో ఆంఫన్‌కు ముందు అలా చేశారు, మరుసటి ఏడాది యాస్‌కూ చేశారు. గాలికి ఖాళీ పెట్టెలు దొర్లిపోతే ప్రమాదం కనుక అది మంచి పనే. రైల్వే ఊళ్ళో బతికే మనం ఆ జాగ్రత్తను తప్పు పట్టలేం. కానీ అవే పట్టాల పక్కన రేకుల కప్పుల కింద ఉన్న మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాట మారిపోతుంది. "ఎవరి కర్మ ఎలా ఉంటే అలా జరుగుతుంది" అంటాం. పెట్టెకు గొలుసు, మనిషికి కర్మ. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నా ప్రశ్న.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకు తుపాను రెండు ఊళ్ళ దిగులు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పనికోసం వచ్చి తరాలుగా ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు మనవి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడు ఇక్కడి నుంచి అక్కడికి ఫోన్లు. 2020 మేలో ఆంఫన్ బక్‌ఖాలీ దగ్గర తీరం దాటినప్పుడు అక్కడి నుంచి ఇక్కడికి. ఫోనుకు రెండు వైపులా ఒకటే మాట: మన రాత. ఒక బస్తీలో పెద్దావిడ నాతో, "రేకు ఎగిరిపోవాలని రాసుంటే మేకు కొడితే ఆగుద్దా, లాయరమ్మా?" అంది. ఆవిడ కప్పుకు మేకులే లేవు. రేకులు కదలకుండా పైన ఇటుకలు, పాత టైర్లు పెట్టి ఉన్నాయి. పెద్ద గాలికి రేకు లేచిందంటే ఆ ఇటుకలు పక్కింటివాళ్ళ మీద పడతాయి.

మేకు కొడితే రాత మారుతుందా అన్నది చిన్న ప్రశ్న కాదు. సంయుత్త నికాయలో సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి దాదాపు ఇదే అడిగాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసిన కర్మ వల్లేనని కొందరు అంటున్నారు, తమరేమంటారు అని. బుద్ధుడు ఒప్పుకోలేదు. బాధకు ఎనిమిది కారణాలు లెక్కపెట్టాడు: పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, ఋతువులో మార్పు, అజాగ్రత్త, బయటి నుంచి పడే దెబ్బ, చివరగా కర్మఫలం. ఎనిమిదింటిలో కర్మ ఒకటి. అన్నిటినీ దాని ఖాతాలో వేసేవాళ్ళు తమకు తెలిసినదాన్నీ, లోకమెరిగినదాన్నీ దాటి మాట్లాడుతున్నారని అన్నాడు. బాబాసాహెబ్ ఇంకా ముందుకు వెళ్ళి, పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్నే 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో తోసిపుచ్చారు. పేదవాడి పేదరికానికి వాడినే బాధ్యుణ్ణి చేసి, సమాజాన్నీ ప్రభుత్వాన్నీ తప్పించే సిద్ధాంతమని ఆయన అభ్యంతరం.

తుపానుకు ఆ ఎనిమిదింటిలో మూడు వర్తిస్తాయి. ఋతువు, అజాగ్రత్త, బయటి దెబ్బ. మొదటిది మన చేతిలో లేదు. తక్కిన రెండూ మనుషుల పనులు.

సాక్ష్యం కోసం దూరం వెళ్ళక్కర్లేదు. 1942 అక్టోబరు 16, దుర్గాపూజ సప్తమి. ఖరగ్‌పూర్ కూడా ఉన్న అప్పటి మేదినీపూర్ జిల్లాలో కాంథి, తమ్లుక్ ప్రాంతాల మీదికి తుపాను, దాని వెంట సముద్రం వచ్చాయి. సుమారు 14,000 మంది పోయారు. గాలి ఋతువుదే. కానీ ఆ ఏడాది మొదట్లోనే, జపాన్ సేన దిగితే వాడుకుంటుందన్న భయంతో, బెంగాల్ తీరంలో పది మందికి మించి ఎక్కగల పడవలను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది, చాలావాటిని పనికిరాకుండా చేసింది. జిల్లా క్విట్ ఇండియా పోరాటంలో మునిగి ఉందన్న కోపం దానికి తోడు. తుపాను వార్తను యుద్ధం పేరుతో రెండు వారాల పాటు పత్రికల్లోకి రానివ్వలేదు. తెలియని చోటికి సాయం ఎలా వస్తుంది? మరుసటి ఏడాది బెంగాల్ కరువు. పడవ లేకపోవడం, వార్త లేకపోవడం, ఆ తరువాత బియ్యం లేకపోవడం. వీటిలో ఏదీ చచ్చిపోయినవాళ్ళు పోయిన జన్మలో చేసుకున్నది కాదు.

తెలుగు నేల మీద దివిసీమ ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెనకు 10,000 మందికి పైగా చనిపోయారు. 1990 మేలో అంత పెద్ద తుపానే మళ్ళీ కృష్ణా ముఖద్వారం వైపు వస్తే, పోయినవాళ్ళు వెయ్యి లోపు. ఒడిశాలో 1999 అక్టోబరులో పదివేలకు దగ్గర, 2013లో ఫైలిన్‌కు యాభైకి అటూ ఇటూ. పదమూడు, పద్నాలుగేళ్ళలో తీరం జనమంతా పుణ్యాత్ములైపోయారా? మారినవి హెచ్చరిక, షెల్టరు, ముందురోజే మనుషుల్ని తరలించడం. ఇంకా మారనిది కూడా ఉంది. మాలపల్లె, మాదిగపల్లె ఊరికి ఏ పక్కన, ఎంత పల్లంలో ఉంటాయో ఈ పేజీలు చదివేవాళ్ళకు నేను చెప్పాలా?

కర్మవాదాన్ని మనకు అనుకూలంగా తిప్పుకోవడమూ కుదరదు. 1934 జనవరి 15 బిహార్ భూకంపం అంటరానితనమనే పాపానికి దైవం వేసిన శిక్ష అని గాంధీ అన్నారు. అంటరానితనాన్ని తానూ వ్యతిరేకించే రవీంద్రనాథ్ టాగోర్ ఆ వాదాన్ని బహిరంగంగా ఖండించారు. ప్రకృతిలో జరిగేదానికి నీతిని అంటగట్టడం అశాస్త్రీయమని ఆయన అభ్యంతరం. నాది ఇంకొకటి: ఆ శిథిలాల కింద అంటరానివాళ్ళూ ఉన్నారు కదా, వాళ్ళు ఎవరి పాపానికి శిక్ష అనుభవించినట్టు?

1943 జులైలో దామోదర్ గట్లు తెగి, రైలు దారులు కొట్టుకుపోయినప్పుడు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ బాబాసాహెబ్‌ది. ఆయన నది మొత్తాన్ని ఒకటిగా చూసే పథకం గురించి మాట్లాడారు. 1948లో ఏర్పడిన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌కు ఆ చర్చలే పునాది. ఆనకట్టలతో వరదలు ఆగిపోలేదు, నిజమే. నీళ్ళు వదలడం మీద దక్షిణ బెంగాల్‌లో ఇప్పటికీ తగవు నడుస్తోంది. అయినా అది మనుషులు కూర్చుని తేల్చుకోగల తగవు.

మన ఉపాసకుల్లోనే కొందరు ఇంకో మాట అంటారు. అంతా అనిత్యమే కదా, ఇల్లు పోతే పోనీ, ఆ తాపత్రయం ఎందుకు అని. పక్కా ఇళ్ళల్లో ఉన్నవాళ్ళ నోటే ఈ మాట ఎక్కువగా వింటాను. బుద్ధుడు పరినిర్వాణానికి ముందు చెప్పిన చివరి మాటలో అనిత్యం సగమే. రెండో సగం అప్పమాదం, అంటే ఏమరుపాటు లేకుండా ఉండటం. నశించేదని తెలుసు కనుకే జాగ్రత్త. ఎప్పటికీ నిలిచే కప్పుకు మేకు అవసరమే ఉండదు.

జాగ్రత్త అనగానే కరపత్రం వస్తుంది. మూడు రోజుల తిండి, తాగునీళ్ళు, టార్చిలైటు, మందులు, పాలిథిన్ సంచిలో ఆధార్, రేషను కార్డు. మంచి జాబితాయే. కానీ ఏ రోజు కూలి ఆ రోజు తినే ఇంట్లో మూడు రోజుల తిండి ఎక్కడి నుంచి వస్తుంది? ఉన్న ఇంటికి సలహా అయినదే లేని ఇంటికి నింద అవుతుంది, "చెప్పాం, వినలేదు" అని. పది ఇళ్ళకు కలిపి ఒక డబ్బా అటుకులు, మరమరాలు, బెల్లం. ఒక త్రిపల్, ఒక మోకు. నడవలేని ముసలివాళ్ళు ఎవరు, నెలలు నిండిన ఆడపిల్ల ఎవరు, వాళ్ళను ఏ ఇంటి కుర్రాళ్ళు మోసుకెళ్ళాలి. ఈ లెక్క ఒక్క ఇంటితో తేలదు, వీధంతా కూర్చుంటే తేలుతుంది. రేకులకు హుక్కులు వేయించడానికి ఒక ఇంటి దగ్గర డబ్బు లేకపోవచ్చు. చీటీ కడితే నెలకొక కప్పు బిగించుకోవచ్చు. మన ఊరికి సముద్రం రాదు. ఇక్కడ ప్రాణం తీసేవి చెట్టు, నానిన గోడ, తెగిపడిన కరెంటు తీగ, పిడుగు. ఏ చెట్టు ఒరిగి ఉందో, ఏ గోడ బీటలు వారిందో వీధిలో పిల్లలకు కూడా తెలుసు, కాగితం మీద రాసినవాళ్ళే లేరు. పూజకు గడప గడపా తిరిగి చందా పుస్తకం నింపే క్లబ్బులున్న ఊరు ఇది. అదే కుర్రాళ్ళు, అవే గడపలు.

గాలివాన వెలిశాక కిచిడీ వండి పంచడాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆ పూట ఇచ్చే చేయి పైన ఉంటుంది, పుచ్చుకునే చేయి కింద ఉంటుంది. వీధి డబ్బాలో ముందే గుప్పెడు అటుకులు వేసిన ముసలావిడ ఆ రోజు చేయి చాచదు, తన వాటా తీసుకుంటుంది. దానపారమిత గురించి ఉపన్యాసాలు చెప్పుకునే మనం ఈ తేడా మీద ఇంకొంచెం ఆలోచించవచ్చు.

ఇక షెల్టరు సంగతి. 2004 సునామీ తరువాత తమిళనాడు తీరంలో సహాయ శిబిరాల్లోనే దళితులు వివక్ష ఎదుర్కొన్నారు. నాగపట్నంలో శవాలను తీయడానికి వేరే ఊళ్ళ నుంచి తెచ్చిన పారిశుద్ధ్య కార్మికులూ ఎక్కువగా దళితులే. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ సహాయంలోనూ పరిహారంలోనూ కులం, మతం, లింగం, సముదాయం, వంశం చూడకూడదంటుంది. అది గాలి వెళ్ళిపోయాక పనికొచ్చే సెక్షన్. గాలి రాకముందు పనికొచ్చేది రాజ్యాంగం 15వ అధికరణం. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావి, చెరువు, రోడ్డు, జనం చేరే చోటు కులాన్ని బట్టి ఎవరికీ మూసి ఉండకూడదు. తుపాను రాత్రి ప్రభుత్వ బడి అలాంటి చోటే. మరి దాని తాళంచెవి ఎవరింట్లో ఉంది? ఆ ఇంటి తలుపు అర్ధరాత్రి మన బస్తీవాళ్ళు తట్టగలరా? వాన వెలిశాక కాలువల్లో దిగేవాళ్ళకు బూట్లు, చేతి తొడుగులు ముందే కొని పెట్టింది ఎవరు?

ఆ చట్టం ప్రకారమే ప్రతి జిల్లాకూ విపత్తు ప్రణాళిక ఉండాలి, ముప్పున్న ప్రాంతాలు అందులో చూపాలి. రైల్వే భూమిలో కాగితం లేకుండా ఉన్న బస్తీ అందులో ఉందా? కాగితం లేకపోవడం భూమి తగాదా, ప్రాణానికి సంబంధించినది కాదు. 21వ అధికరణం ఎవరినీ పట్టా అడగదు. కాబట్టి చదువుకున్నవాళ్ళు సమాచార హక్కు చట్టం కింద జిల్లా మేజిస్ట్రేట్ కార్యాలయానికి దరఖాస్తు రాయాలి. మా బస్తీ పేరు ప్రణాళికలో ఉందా, మాకు చూపిన షెల్టరు ఏది, దాని తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అతికించాలి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్ళకు అదీ అక్కర్లేదు. జవాబుకు గడువు 30 రోజులు. బంగాళాఖాతంలో మొదటి తుపానుల కాలం ఏప్రిల్, మే నెలలు కనుక, దరఖాస్తు జనవరిలోనే వెళ్ళాలి. అప్పుడు జవాబు రాకపోయినా అప్పీలుకు టైము మిగులుతుంది.