పగులగొట్టి తెలిసికొనుట

వీణను పగులగొట్టి నాదమెచట నున్నదని వెదకువానిని వెఱ్ఱివాడందుము. పరమాణు కేంద్రముల విషయమున భౌతికశాస్త్రజ్ఞులు చేయుపనియు పైకిట్టిదే. ఈ మార్గమున లభించినదానిని జ్ఞానమనవచ్చునా?

1911లో రూథర్‌ఫర్డు, పలుచని బంగారురేకును తాకి వెనుకకు మరలిన కొలదిపాటి కణములనుబట్టియే పరమాణువునకు కేంద్రము కలదని నిర్ణయించెను. అందు బంగారమునకు హాని లేదు. అమెరికాలోని బ్రూక్‌హేవెను ప్రయోగశాలలో 2000లో పని కారంభించిన యంత్రమట్లు గాదు. అది బరువైన కేంద్రములను కాంతివేగమునకు మిగుల చేరువైన వడితో ఎదురెదురుగా నడిపి ఢీకొట్టించినది. సూర్యగర్భమునకు లక్షరెట్లు మించిన వేడిమిలో అవి కరగి ద్రవమై, ఆ ద్రవము రెప్పపాటులో వేయవవంతైనను నిలువక, వేలకొలది కణములై చెదరిపోవును.

ఇక ఆకారమెట్లు తెలియును? యురేనియపు కేంద్రము కోడిగ్రుడ్డువలె నిడుపైనది. రెండింటి కొనలు తాకినచో ద్రవము గుండ్రమై ఇరుకుగా నుండును. అందుచే ఎక్కువ వేడెక్కి కణములు వడిగా వెడలును. ప్రక్కలు తాకినచో ద్రవము విరివియై నిడుపగును. కణములు కొన్ని దిక్కులనే హెచ్చుగా పాఱును, వడిమాత్రము తగ్గును. ఇంచుమించు గుండ్రనివగు బంగారపు కేంద్రములలో ఈ భేదమంతగా కానరాదు. ఈ పోలికనుబట్టి స్టార్ బృందమువారు యురేనియపు నిడుపును లెక్కగట్టి 2024లో ప్రకటించిరి.

అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు చెప్పును. ఇచట ఒక్క మెతుకు చాలదు. ఏ జంట ఏ వైపున తాకునో యాదృచ్ఛికము గనుక, లక్షలకొలది తాకిళ్లను కూర్చి చూడవలెను. అంతేగాక, కేంద్రమును చెఱుపని పూర్వపద్ధతులచే తెలిసిన ఆకారముతో పొసగినందుననే ఈ ఫలమునకు నమ్మిక కలిగెను. నా యభిప్రాయమున, ఇందు దెబ్బకంటె పోలికయే ఎక్కువ చెప్పినది.

మన యిండ్లలో ఈ విద్య వేఱొక రూపమున పరిచితమే. క్రొత్తకోడలి ఓర్పెంతయో చూడవలెనని అత్తగారు పనిమీద పని మోపును. శిష్యుని నిష్ఠను తెలియగోరి గురువు నలుగురిలో అవమానించును. నిప్పులో వేయక బంగారపు వన్నె తెలియునా యని సమర్థింతురు. (నిప్పులోనుండి బంగారము బంగారముగనే బయటికి వచ్చును, ఆ సంగతి వీరు మఱతురు.) శాస్త్రజ్ఞుల యుదాహరణమైనను వీరికి తోడురాదు. యురేనియము 238 కేంద్రములన్నియు ఒక్కతీరువి; ఒకటి నశించినను దానివలన తెలిసినది తక్కినవాని కెల్ల వర్తించును. కోడలి మనసు విఱిగిన పిమ్మట, ఆమెనుగూర్చి తెలిసినది ఎవరికి వర్తింపవలెను?

శాస్త్రజ్ఞులకు ఆ చిక్కు లేదు. 2025లో సెర్ను సంస్థయందు ఈ మార్గముననే ఆక్సిజను, నియాను కేంద్రములను ఢీకొట్టించిరి. నియాను ఆకారము గ్రుడ్డువలె గాక, ఒక కొన లావై మఱొక కొన సన్నగిల్లిన సొరకాయవంటిదని సిద్ధాంతుల యూహ.